కృత్రిమ మేధ చేతికి ఖజానా లెక్కలు

ప్రశ్న: బడ్జెట్ అంచనాలనూ పథకాల లబ్ధిదారుల ఎంపికనూ కృత్రిమ మేధకు అప్పగిస్తే ప్రజాధనం వృథా కాకుండా ఉంటుందా? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అంచనాల వరకు అది మంచి సాధనమే. జీఎస్టీ, ఎక్సైజ్, రిజిస్ట్రేషన్ల రాబడి తీరును గమనించి లోటును ముందుగానే సూచించగలదు; ఒకే పనికి రెండుసార్లు పెట్టిన బిల్లును ట్రెజరీలో పట్టివ్వగలదు. ఏ పద్దుకు ఎంత ఇవ్వాలన్నది మాత్రం రాజ్యాంగం 203వ అధికరణ ప్రకారం శాసనసభ ఆమోదంతో తేలవలసిన విషయం.

లబ్ధిదారుల ఏరివేత దగ్గరే నాకు ఆందోళన. తెలంగాణ ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ ‘సమగ్ర వేదిక’ వాహనాలు, ఆస్తులు వంటి వేర్వేరు శాఖల రికార్డులను పేరు, చిరునామాల పోలికను బట్టి ఒకే మనిషికి ముడిపెడుతుంది. ఆ పోలిక తప్పితే, హైదరాబాద్‌లో ఒక పేద కుటుంబానికి జరిగినట్లు, దాదాపు అదే పేరున్న మరొకరి కారు వీరి ఖాతాలో చేరి, రేషన్ బియ్యం ఆగిపోతాయి. రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చిందంటే, ఇది ఒకరిద్దరి కష్టం కాదని గ్రహించాలి.

అందువల్ల యంత్రం అనుమానం చెప్పవచ్చునే గాని కోత విధించకూడదు. కార్డు రద్దుకు ముందే నోటీసు, కారణం లిఖితపూర్వకంగా ఇవ్వాలి, అధికారి ఇంటికి వెళ్లి చూడాలి. ప్రభుత్వ ఖాతాలను పరిశీలించే కాగ్ తనిఖీకి చెల్లింపులతోపాటు ఆ సాఫ్ట్‌వేర్ నియమాలు కూడా అందుబాటులో ఉండాలి.