తొలి థ్రిల్లర్ రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలిని అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరమూ, దానితోపాటు పంపిన నవల ప్రణాళికా అందాయి. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ థ్రిల్లర్ నవల రాయడం కుదిరే పనేనా అని అడిగావు. కోర్టులో బెంచి క్లర్కుగా ఉన్న రోజుల నుంచి శిరస్తాదారుగా రిటైరయ్యేవరకు వారపత్రికలకు సస్పెన్స్ సీరియళ్లు రాసినదాన్ని గనుక, కుదురుతుందని ధైర్యంగానే చెప్పగలను. అయితే నువ్వు పంపిన ప్రణాళిక మాత్రం నాకు నచ్చలేదు. ఇస్తాంబుల్‌లో మొదలై, నిఘా సంస్థ ఏజెంటు ఒకడు మూడు దేశాల మీదుగా అణు రహస్యాన్ని వెంటాడే ఆ కథలో నీకు స్వయంగా తెలిసిన వస్తువు ఒక్కటి కూడా లేదు. నువ్వు చూసిన సినిమాలే నీ పాఠకులూ చూశారు. వాటి నుంచి తెచ్చినదాన్ని వాళ్లు మొదటి పేజీలోనే పసిగడతారు.

అదే ఉత్తరం చివర, మాటవరసకు అన్నట్టు నాలుగు వాక్యాలు రాశావు. ఎవరైనా లాకరు తెరిస్తే ఆ రోజు ముగిసేలోగా లాకరుదారు సెల్‌ఫోనుకు, ఈమెయిల్‌కు సమాచారం పంపాలని 2022 జనవరి నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన అమల్లో ఉందనీ, చనిపోయిన మనిషి ఫోనుకు అలాంటి సందేశం వస్తే ఇంట్లోవాళ్లు ఏమైపోతారోనని నీకు అప్పుడప్పుడు అనిపిస్తుందనీ అన్నావు. నీ నవల అదీ. ఇస్తాంబుల్‌ను కట్టిపెట్టి దాని మీద కూర్చో.

ఆ సందేశంలో ఎంత సరుకుందో ఒకసారి విప్పి చూద్దాం. ఒక పెద్దమనిషి పోయాడు. మూడో రోజున, ఇంటినిండా బంధువులుండగా, లాకరు తెరిచినట్టు ఆయన ఫోనుకు సందేశం వచ్చింది. ఆ హడావుడిలో ఎవరూ చూడలేదు. ఛార్జింగు అయిపోయిన ఫోను బీరువా సొరుగులో ఉండిపోయింది. ఐదు నెలల తర్వాత పాత ఫోటోల కోసం కూతురు దానికి ఛార్జింగు పెడితే, తండ్రి పోయిన మూడో రోజు తేదీతో ఆ సందేశం బయటపడింది. లాకరుకు రెండు తాళంచెవులు కావాలి: బ్యాంకుది ఒకటి, లాకరుదారుది ఒకటి. బ్యాంకు తాళం తిప్పిన ఆఫీసరు బయటికి వచ్చాకే ఆ మనిషి తన పెట్టె తీసుకుంటాడు. కాబట్టి వచ్చినవాణ్ణి శాఖలో ఒకరు దగ్గర నుంచి చూసి తీరాలి. రిజిస్టరులో వేళతో సహా సంతకం ఉంది. అది తండ్రి సంతకంలాగే ఉంది. ఆ రోజు లాకర్ల డ్యూటీలో ఉన్న ఆఫీసరే నీ కథానాయిక అయితే, మొదటి అనుమానం ఎవరి మీదికి పోతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక స్ట్రాంగ్ రూము రాకపోకల సీసీటీవీ రికార్డింగును కనీసం 180 రోజులు ఉంచాలన్నది కూడా ఆ నిబంధనల్లోనిదే. ఆ శాఖలో గడువు దాటగానే పాతది చెరిగిపోతుందనుకుంటే, ఆమె చేతిలో మిగిలింది నెల రోజుల లోపే. థ్రిల్లర్‌కు గడువు ప్రాణం. ఆ గడువు బాంబుకు కట్టిన గడియారం కానక్కర్లేదు. ఒక మామూలు ఆఫీసు నిబంధన అయితే ఇంకా భయంగా ఉంటుంది, ఎందుకంటే దాన్ని ఎవరూ కావాలని పెట్టలేదు, ఎవరూ ఆపడానికి తొందరపడరు.

ఇక్కడ తెలివైన పాఠకుడు వెంటనే నిన్ను నిలదీస్తాడు. ఆమె నేరుగా పై అధికారులకు చెప్పి వీడియో తీయించవచ్చు కదా అంటాడు. కుటుంబం మరణవార్తను బ్యాంకుకు ముందే ఎందుకు తెలియజేయలేదంటాడు. ఇలాంటి ప్రశ్నలకు నువ్వు వెతికే జవాబుల్లోంచే కథ పుడుతుంది. ఉదాహరణకు, ఆ మధ్యాహ్నం ఆమె పిల్లల బడి నుంచి ఫోను వచ్చి గంటసేపు బయటికి వెళ్లి, తాళంచెవులు పక్క సీటు ఆఫీసరుకు అప్పగించి, చేతులు మారినట్టు రిజిస్టరులో రాయలేదనుకో. ఆ చిన్న లోపం బయటపడితే సస్పెన్షన్ తప్పదన్న భయంతో ఆమె మొదటి రోజు నోరు విప్పలేదు. రెండో రోజు విప్పితే నిన్న ఎందుకు చెప్పలేదంటారు. చూశావా, విలన్ ఇంకా రంగంలోకి రాకముందే ఆమె ఇరుక్కుపోయింది. కథానాయికకు దాచుకోవలసినది ఏదో ఒకటి ఉండాలనేది నేను గట్టిగా నమ్మే సూత్రం. పూర్తి నిర్దోషి వెనక పాఠకుడు మూడు వందల పేజీలు నడవడు.

మొదటి అధ్యాయం మొదలుపెట్టకముందే చేయవలసిన పని ఒకటుంది. అసలు ఏం జరిగిందో నేరస్థుడి వైపు నుంచి, తేదీల వారీగా, రెండు పేజీల్లో రాసి పెట్టుకో. లాకరుదారు తాళంచెవి వాడికి ఎలా దొరికింది, సంతకం ఎన్నాళ్లు సాధన చేశాడు, లోపల ఏముందని వాడి నమ్మకం, నిజానికి ఏముంది, ఆ పక్క సీటు ఆఫీసరు ఎంతవరకు భాగస్వామి, వీటన్నిటికీ అందులో జవాబుండాలి. ఆ రెండు పేజీలు పాఠకుడు ఎన్నడూ చూడడు, కానీ నవలలోని ప్రతి సంభాషణ వెనకా అవి ఉంటాయి. మా రోజుల్లో వారపత్రికల సీరియళ్లంటే చాలావరకు ఆడవాళ్ల రాజ్యం. హంతకుడెవరో రచయిత్రికే తెలియకుండా నెలల తరబడి నడిచిన సీరియళ్లూ ఉండేవి. అవి ఏవో నాకు తెలుసుగానీ చెప్పను. ఆఖరి వారంలో ఎక్కడినుంచో ఒక కవల సోదరుడు ఊడిపడేవాడు. పాఠకులు ఉత్తరాల్లో దుమ్మెత్తిపోసేవారు. అందులో అన్యాయమేమీ లేదు.

సీరియల్ రాసిన చేతికి అధ్యాయం చివర పాఠకుణ్ణి పట్టి లాగే కొక్కెం వేయడం అలవాటవుతుంది, దాన్ని నువ్వూ నేర్చుకో. కానీ మోసం చేయకు. తలుపు తోసి కెవ్వున అరిచిందని అధ్యాయం ముగించి, తరువాతి పేజీలో అది పిల్లి అని తేల్చేవాళ్లను పాఠకుడు మూడోసారి నమ్మడు. అధ్యాయం చివర ప్రశ్నతో ఆపడం కన్నా, ఒక ప్రశ్నకు జవాబు చెప్పి, ఆ జవాబే పెద్ద చిక్కు తెచ్చిపెట్టే చోట ఆపడం మేలు. రిజిస్టరులో సంతకం తండ్రిది కాదని నిపుణుడు తేలుస్తాడు. పాఠకుడు ఊపిరి పీల్చుకునేలోగా, ఆ చేతిరాత తనకు తెలిసినదేనని కూతురికి అర్థమవుతుంది. అక్కడ ఆపు.

పోలీసులూ కోర్టులూ వచ్చే చోట నేను కొంత పనికొస్తాను. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. ఆ తేదీనగానీ ఆ తర్వాతగానీ జరిగిన హత్యకు పాత 302వ సెక్షను కాదు, కొత్త 103వ సెక్షను వర్తిస్తుంది. అంతకుముందు జరిగిన నేరమైతే పాత శిక్షాస్మృతే. కాబట్టి నీ కథ ఏ నెలలో జరుగుతుందో ముందే నిర్ణయించుకో. అరెస్టు చేసిన మనిషిని, ప్రయాణ సమయం మినహాయించి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. నేరం తీవ్రతను బట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే నిందితుడికి బెయిలు అడిగే హక్కు వస్తుంది. ఇదీ ఒక గడువే, వాడుకో. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. ఆ మాటను బట్టి ఏదైనా వస్తువు దొరికితే అంతమేరకే పనికొస్తుంది. సీఐ రెండు దెబ్బలు వేయగానే నిందితుడు అన్నీ కక్కేయడంతో ముగిసే నవలలు కోర్టు మెట్లెక్కిన పాఠకుడికి నవ్వు తెప్పిస్తాయి. నీ ఇన్‌స్పెక్టరు ఆ ఒప్పుకోలుతో ఏం చేయలేడో తెలిసినవాడై, తాళంచెవి ఎక్కడ పారేశాడో చెప్పించడానికి మాత్రమే తంటాలు పడితే, ఆ దృశ్యానికి బరువు వస్తుంది.

స్టేషన్‌లో కాగితం పని చేసేది ఇన్‌స్పెక్టరు కాదు, రైటర్ అని పిలిచే పోలీసు. ఫిర్యాదు భాషను చక్కదిద్దేది అతనే. కోర్టులో సాక్షి చెప్పినది చెప్పినట్టు ఎప్పుడూ కాగితం మీదికి ఎక్కదు. సాక్షి బోను అంచు పట్టుకుని ఒకాయన "ఏమోనండీ, అప్పటికే దీపాలు పెట్టారు, ముఖం సరిగా ఆనలేదు" అంటే, వాంగ్మూలంలో అది "చీకటి వల్ల ముద్దాయిని గుర్తించలేదు" అని ఒక్క వాక్యంగా మారడం చూశాను. ఈ మార్పులో ఒక మనిషి జీవితం అటో ఇటో అయిపోగలదు. ఇలాంటివి కావాలంటే ఒక సెలవు రోజు పెట్టుకుని మీ జిల్లా కోర్టులో సెషన్స్ విచారణ జరిగే హాల్లో వెనక బెంచీ మీద కూర్చో. మామూలుగా విచారణ బహిరంగంగానే జరుగుతుంది, నిన్నెవరూ వెళ్లమనరు.

ఇక రాయడానికి వేళ సంగతి. ఇంగ్లండులో డిటెక్టివ్ నవలల రచయిత్రి పి. డి. జేమ్స్ ఆసుపత్రి పరిపాలనా విభాగంలో పనిచేస్తూ, జబ్బుపడిన భర్తనూ ఇద్దరు కూతుళ్లనూ పోషిస్తూ, తెల్లవారుజామున రాసిన మొదటి నవల 1962లో వెలువడేనాటికి ఆమెకు నలభై దాటాయి. అమెరికాలో చిన్న ఊరి న్యాయవాదిగా ఉన్న జాన్ గ్రిషమ్‌కు మొదటి నవల రాయడానికి మూడేళ్లు పట్టింది. 1989లో అది 5,000 ప్రతులే అచ్చయింది. మన యండమూరి వీరేంద్రనాథ్ చార్టర్డ్ అకౌంటెంటు, నీలాగే బ్యాంకులో పనిచేసినవారు. నువ్వు రోజుకు 250 మాటల చొప్పున వారానికి ఐదు రోజులు రాస్తే, 45,000 మాటల నవల 36 వారాల్లో పూర్తవుతుంది. మార్చి క్లోజింగు, సెప్టెంబరు అర్ధ సంవత్సరపు లెక్కలు, ఆడిటర్లు వచ్చిన వారం, ఇవన్నీ కలుపుకుని ఏడాది అనుకో. ఆ వారాల్లో రాయలేదని బాధపడకు. రెండో, నాలుగో శనివారాలు కొత్తగా రాయడానికి కాకుండా రాసినది దిద్దడానికి ఉంచుకో. రాత్రి పదిన్నరకు అలసిన బుర్ర దిద్దగలదేమోగానీ, కుట్ర పన్నలేదు; కుట్రకు తెల్లవారుజామే మంచిది.

ఉద్యోగంలో చేరినప్పుడు విశ్వాసపాత్రత, గోప్యతల ప్రమాణపత్రం మీద సంతకం చేశావు. దాన్ని తీసి మళ్లీ చదువు. ఏ ఖాతాదారు వ్యవహారమూ, పేరు మార్చినా సరే, గుర్తుపట్టేలా నవలలోకి రాకూడదు. మీ శాఖలో జరిగిన మోసం అసలే వద్దు. కల్పిత బ్యాంకు, కల్పిత శాఖ పెట్టుకో. పద్ధతులు మాత్రం నిజమైనవి ఉంచు, అవి రహస్యాలు కావు. అలాగని లాకరు దోచుకోవడానికి పాఠ్యపుస్తకంలాగా ఉండనూ కూడదు. ఒక మెట్టు కావాలనే తప్పుగా రాయి. మీ బ్యాంకు ప్రవర్తనా నియమావళిలో పుస్తక ప్రచురణకు ఏం రాశారో చూసి, అనుమతి అవసరమున్నా లేకున్నా, ఒక కాగితం పెట్టి అందినట్టు ముద్ర వేయించుకో. అసూయపడే సహోద్యోగి ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు.

రాతప్రతి పూర్తయ్యాక ఇంట్లోవాళ్లకు ఇవ్వకు. వాళ్లు మెచ్చుకుంటారు, లేదా నొచ్చుకుంటారు. థ్రిల్లర్లు తెగ చదివేవాళ్లను ఇద్దరిని ఎంచుకుని, బాగుందా అని కాకుండా, ఎక్కడ పక్కన పెట్టారు, ఎవరిని ఎప్పుడు అనుమానించారు అని మాత్రమే అడుగు. ఇద్దరూ ఒకే చోట ఆగితే అక్కడ దోషముంది.

అచ్చు సంగతి అప్పుడే వద్దుగానీ, రెండు మాటలు. నెలకో నవల వేసిన చతుర లాంటి పత్రికలు ఆగిపోయాయి, తొలి నవలకు దారులు తగ్గాయి. తెలుగులో చాలా పుస్తకాలు రచయిత సొంత ఖర్చుతోనే వస్తాయి. నువ్వూ అదే చేయవలసి వస్తే తక్కువ ప్రతులతో మొదలుపెట్టు, మంచాల కింద కట్టలు పేర్చుకోకు. ప్రచురణకర్త దొరికితే ఒప్పందం కాగితం మీదే ఉండాలి. కాపీరైటు బదిలీ పత్రంలో కాలవ్యవధి రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా చట్టం భావిస్తుంది. అచ్చు హక్కులు ఒకరికి ఇస్తూ ఈబుక్, ఆడియో, సినిమా, వెబ్ సిరీస్ హక్కులు కూడా ఒకే వాక్యంలో కలిపి రాసి ఉంటే సంతకం పెట్టకు, విడివిడిగా రాయమను. ఇది బ్యాంకులో రుణపత్రాలు చదివే నీకు కొత్తేమీ కాదు.

ముందుగా ఆ నేరస్థుడి రెండు పేజీలు రాసి పంపు, అధ్యాయాలు ఇప్పుడే వద్దు. ఫోనులో పంపితే నా కళ్లకు ఆనదు. పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించి, పక్కన రాసుకునేందుకు వెడల్పు మార్జిను వదిలి, కొరియరులో పంపు. అమ్మకూ నాన్నకూ నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మీ అత్తయ్య