నది ఒడ్డు పార్కు గుండా హైవే వేస్తే ఊళ్లో ట్రాఫిక్ తగ్గుతుందా?

కొంతకాలం తగ్గుతుంది, ఆ తర్వాత చాలావరకు మళ్లీ మామూలే.

రోడ్డు ఖాళీగా ఉందని తెలియగానే నిన్నటిదాకా బస్సెక్కినవాళ్లు, రద్దీ చూసుకుని ఆలస్యంగా బయల్దేరినవాళ్లు కూడా బండి తీసి అదే దారి పడతారు. పైగా నాందేడ్‌లో గోదావరి ఒడ్డయినా, రాయగడలో నాగావళి ఒడ్డయినా, రోడ్డుకు ఒక పక్కంతా నీళ్లే. బండ్లన్నీ రెండు మూడు కూడళ్ల దగ్గరే ఊళ్లోకి దిగాలి. జామ్ అక్కడికి మారుతుంది, అంతే. ఊరితో పనిలేని లారీలకు బైపాస్ నిజంగా మేలే, కానీ అది ఊరి బయట ఉండాలి.

అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్‌నే చూడండి. విల్లమెట్ నది ఒడ్డునున్న హార్బర్ డ్రైవ్ హైవేను 1974లో మూసేసి, ఆ స్థలాన్ని పార్కు చేశారు. వేరే హైవేలు అప్పటికే ఉండడంతో ఊరు స్తంభించలేదు.

చాలామంది పొరపడేది ఇంకోచోట: ‘ఒడ్డు ఖాళీ జాగానే కదా, కట్ట పోసి రోడ్డు వేస్తే వరదా ఆగుతుంది’ అంటారు. అది ఖాళీ జాగా కాదు, వరదొస్తే నది పరుచుకునే చోటు. దాన్ని కట్టతో మూస్తే నీటిమట్టం పెరిగి అవతలి ఒడ్డు మునుగుతుంది. నది నిండుగా ఉన్నప్పుడు కట్టలోని తూములు మూసెయ్యాల్సి వస్తుంది. అప్పుడు మోటార్లతో తోడకపోతే ఊళ్లో కురిసిన వాన బయటికి పోలేక, కట్ట పక్క వీధుల్లోనే నిలిచిపోతుంది.