చిన్న గ్రాఫిక్స్ కార్డు కొనేముందు టేపు పక్కన పెట్టి వాట్లు చూడండి

అరచేతిలో పట్టే గ్రాఫిక్స్ కార్డు (కంప్యూటర్లో బొమ్మల, వీడియోల పని చూసే భాగం) ప్రకటించిన ప్రతిసారీ జనం ఎందుకంత సంబరపడతారు, అంత చిన్నది నిజంగా పెద్ద కార్డు పని చేస్తుందా, చిన్న క్యాబినెట్‌కి కొనొచ్చా అని మీరు రాసి అడిగారు. కొనొచ్చు. నాకూ చిన్న కార్డులంటే ప్రాణం. కానీ సెంటీమీటర్లు చూసి కొనకండి, వాట్లు చూసి కొనండి. ఈ మాట నేను తణుకులో ఒక రాత్రంతా మేలుకుని నేర్చుకున్నాను.

మా బావకి అక్కడ ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు తీస్తాడు. చాలా ఏళ్లు ఎడియస్ అనే సాఫ్ట్‌వేర్‌లోనే ఎడిటింగ్ చేశాడు. తర్వాత కలరింగ్ బాగుంటుందని డావిన్చీ రిజాల్వ్‌కి మారాడు. రిజాల్వ్‌లో రంగులు దిద్దడం మొదలెట్టగానే బరువంతా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. పాత కార్డు మోయలేకపోయింది. స్టూడియోలో చూస్తే చోటు లేదు. రెండు ఆల్బమ్ బీరువాల మధ్య టేబులు, టేబులు కింద చెక్క అర, ఆ అరలో పట్టేంత సీపీయూ డబ్బా. నేను సికింద్రాబాద్‌ సీటీసీలో కంప్యూటర్ షాపులన్నీ తిరిగి 17 సెంటీమీటర్ల కార్డు ఒకటి పట్టుకెళ్లాను. ఒకే ఫ్యాను, 170 వాట్లు. కొలిచినట్టు అతికింది. బావ కూడా తెగ సంతోషపడ్డాడు.

అది 2022 వేసవి. ఒక పెళ్లివారికి పదహారు రోజుల పండగ నాటికి వీడియో ఇవ్వాలి, ఆ సాయంత్రమే పెళ్లికొడుకు డల్లాస్ ప్రయాణం. ముందురోజు రాత్రి పదింటికి రెండర్ పెట్టాం, అంటే ఎడిట్ చేసినదంతా కలిపి తుది వీడియోగా తయారుచేయమని కంప్యూటర్‌కి అప్పజెప్పాం. మూడు గంటలు పడుతుందని చూపించింది. పదకొండు దాటేసరికి ఆ ఒక్క ఫ్యాను మిక్సీలో పసుపుకొమ్ములు వేసినట్టు మోత మొదలెట్టింది. టేబులు చెక్క మీద చెయ్యి పెడితే అప్పుడే పొయ్యి దించిన గిన్నె మూతలా ఉంది. స్క్రీన్ మీద చూస్తే వేడి 84 డిగ్రీలు, 1,800 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండాల్సిన వేగం 1,400కి పడిపోయింది. మిగిలిన సమయం తగ్గాల్సింది పోయి పెరుగుతోంది. బావ ఏమీ అనలేదు గానీ మాటిమాటికీ గోడ గడియారం చూస్తున్నాడు.

అక్క వాళ్ల అత్తగారు మజ్జిగ తీసుకొచ్చారు. టేబులు కిందికి వంగి చూసి, "మూసిన గదిలో కుంపటి పెట్టి ఉక్కపోస్తోందంటే ఎలా నాయనా?" అన్నారు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. కార్డు వదిలిన వేడి గాలి ఆ అర దాటి ఎక్కడికీ పోవడం లేదు. ఆ వేడి గాలినే అది మళ్లీ పీల్చుకుంటోంది. రెండర్ ఆపకుండానే సీపీయూని మెల్లగా బయటికి లాగి, పక్క రేకు ఊడదీసి, టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టాం. పది నిమిషాల్లో వేడి 71కి దిగింది, వేగం మళ్లీ ఎక్కింది. తెల్లవారుజామున మూడున్నరకి పూర్తయింది. బావ మొహం కూడా కడుక్కోకుండా పెన్‌డ్రైవు జేబులో వేసుకుని బండి మీద అత్తిలి వెళ్లిపోయాడు.

కార్డు తాగిన కరెంటంతా చివరికి వేడిగానే బయటికి రావాలి. పొట్టి కార్డుకి హీట్‌సింక్ (వేడి లాగే లోహపు రెక్కలు) కూడా పొట్టిదే. పెద్ద కార్డు రెండు మూడు ఫ్యాన్లతో నిదానంగా వదిలించుకునే వేడిని, ఇది ఒక్క ఫ్యానుతో పరుగెత్తి వదిలించుకోవాలి. అందుకే ఆ మోత. గాలి తిరిగే చోటుంటే నెట్టుకొస్తుంది, లేకపోతే వేగం తగ్గించుకుని బతుకుతుంది. రివ్యూలు చేసేవాళ్లు ఏసీ గదిలో, బల్ల మీద పరిచిన బోర్డుకి కార్డు గుచ్చి లెక్కలు చెబుతారు. మే నెలలో, 42 డిగ్రీల ఊళ్లో, దుమ్ము పడకుండా పైన పాత దుప్పటి కప్పిన సీపీయూలో ఎలా నడుస్తుందో ఒక్కరూ చూపించరు. మన దేశంలో రివ్యూలు చేసేవాళ్లు కూడా అదే బల్ల, అదే ఏసీ. నాకు దీని మీద చాలా కోపం ఉంది.

ఇలాంటి సంబరం మొదటిసారి నేను చూసింది 2015లో, ఏఎండీ కంపెనీ ఆర్9 నానో కార్డు వచ్చినప్పుడు. అప్పుడు ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నాను. ఆ ఫోటోని మా గదిలో అందరం నోరు తెరుచుకుని చూశాం. కార్డు పొడవు 15 సెంటీమీటర్లే. లోపల మాత్రం ఆ కంపెనీ అతిపెద్ద కార్డు ఫ్యూరీ ఎక్స్‌లో ఉన్న చిప్పే, లెక్కలు చేసే 4,096 కోర్లతో సహా. మెమొరీని బోర్డంతా పరచకుండా, హెచ్‌బీఎం అని పొరలు పొరలుగా పేర్చి చిప్ పక్కనే కూర్చోబెట్టారు కాబట్టి బోర్డు అంత కురచైంది. ఆ మెమొరీ 4 జీబీయే అన్న గొణుగుడు అప్పుడే మొదలైంది. కానీ అసలు పనితనం కొలతలో లేదు. ఫ్యూరీ ఎక్స్ 275 వాట్లు అయితే నానోని 175 దగ్గర కట్టేశారు. పెట్టె మీద 1,000 మెగాహెర్ట్జ్ వరకు అని ఉన్నా ఆటల్లో 900కి అటూఇటూగా నడిచేది. ఆ కాస్త వేగం వదులుకుని వంద వాట్లు మిగిల్చారు. నా దృష్టిలో చిన్న కార్డు చేసే సరైన పద్ధతి అదే. జనం మాత్రం ఆ వంద వాట్ల సంగతి వదిలేసి ధర మీద పోట్లాడుకున్నారు. ఫ్యూరీ ఎక్స్‌తో సమానంగా 649 డాలర్లు పెట్టారు మరి. 2016 జనవరిలో 499కి దించారు, అప్పటికి మోజు తగ్గిపోయింది.

ఇప్పుడు చిన్నది అనే మాటకి అర్థమే మారిపోయింది. చిన్న క్యాబినెట్లకి సరిపోయే కార్డులంటూ ఎన్విడియా కంపెనీ 2024లో కొలతలు ప్రకటించింది. పొడవు 304 మిల్లీమీటర్ల వరకు ఉండొచ్చట. అంటే నిండా ఒక అడుగు! మందం రెండున్నర స్లాట్లు, అంటే క్యాబినెట్ వెనక కార్డులకిచ్చే గళ్లు రెండున్నర. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090 ఫౌండర్స్ ఎడిషన్‌ (ఎన్విడియా సొంతంగా చేసిన కార్డు) రెండు స్లాట్లలో ఇమిడిందని అందరూ చప్పట్లు కొట్టారు. ఆ కూలర్ తయారుచేసిన ఇంజనీర్లకి నేనూ దండం పెడతాను. దానికి ముందొచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 మూడు స్లాట్లు ఆక్రమించేది. కానీ 4090 తాగేది 450 వాట్లు, 5090 తాగేది 575. సన్నబడింది, ఆకలి మాత్రం పెరిగింది. ఆ వేడంతా మన గదిలోకే వస్తుంది. ఏసీ లేని గదిలో దాని పక్కన గంటసేపు కూర్చుని చూడండి.

నేను చిన్న కార్డు అని పిలిచేది 70 వాట్ల జాతిని. మదర్‌బోర్డు స్లాటే 75 వాట్ల దాకా ఇస్తుంది, విడిగా పవర్ వైరు అక్కర్లేదు. మన ఇళ్లలో పాత సీలింగ్ ఫ్యాను తాగేదీ ఇంచుమించు అంతే. ఆర్‌టీఎక్స్ ఏ2000 అని 2021లో వచ్చింది, 70 వాట్లు, సగం ఎత్తు. 2023లో ఆర్‌టీఎక్స్ 4000 ఎస్‌ఎఫ్‌ఎఫ్ అవే 70 వాట్లలో 20 జీబీ మెమొరీ ఇచ్చింది. 2025 ఆగస్టులో ఆర్‌టీఎక్స్ ప్రో 4000 బ్లాక్‌వెల్ ఎస్‌ఎఫ్‌ఎఫ్ ప్రకటించారు, మళ్లీ అవే 70 వాట్లు, ఈసారి 24 జీబీ. సంబరపడాలంటే దీనికి పడాలి. నా బాధల్లా ఇవన్నీ ఆఫీసుల వాళ్ల కోసం చేసిన కార్డులు కావడం. 4000 ఎస్‌ఎఫ్‌ఎఫ్ వచ్చినప్పుడు ధర 1,250 డాలర్లు. మామూలు గేమింగ్ 50 వరుసలో అన్నిటికన్నా చిన్నదైన 5050కే 130 వాట్లు కావాలి. 2024లో వచ్చిన 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 ఒక్కటే ఎన్విడియా ఈమధ్య మనలాంటివాళ్ల కోసం తెచ్చిన 70 వాట్ల కార్డు. అంత పనితనం తెలిసిన కంపెనీకి సామాన్యుడి కోసం ఇంకొకటి చేయడం చేతకాదా?

ఆ రాత్రి తర్వాత కార్డు మార్చేశాం. నేను 23,000 పెట్టి సెకండ్ హ్యాండ్ ఏ2000 కొని తీసుకెళ్లాను. కార్డుని క్యాబినెట్‌కి బిగించే సగం ఎత్తు రేకు అమ్మినతను ఇవ్వలేదు, అడిగితే ఎక్కడో పోయిందన్నాడు. సన్న క్యాబినెట్‌కి పొడుగు రేకు ఎక్కదు. తణుకులో గేట్లు వెల్డింగ్ చేసే ఆయన ఆ రేకుని కార్డు నుంచి విడదీసి, హాక్‌సా బ్లేడుతో కోసి, కొస మడిచి, కొత్త చిల్లు వేసి ఇచ్చాడు. యాభై రూపాయలు తీసుకున్నాడు. పైగా మానిటర్ వైరు గుచ్చడానికి ఆ కార్డుకున్నవన్నీ మినీ డిస్‌ప్లేపోర్టులే, హెచ్‌డీఎంఐ మానిటర్ కోసం కన్వర్టర్ తెప్పించే సరికి నాలుగు రోజులు పట్టింది. అందుకే చెబుతున్నాను, సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే రెండు రేకులూ, కన్వర్టరూ చేతిలో పెట్టాకే డబ్బులివ్వండి.

పాత 170 వాట్ల కార్డు కన్నా ఏ2000 శక్తి తక్కువే, నిజం. కానీ ఆ అరలో అది తన వేగం తాను నిలబెట్టుకుంటుంది, పక్కన పడుకున్నా మోత వినిపించదు. మూడు శ్రావణమాసాలు గడిచాయి, టేబుల్ ఫ్యాను మళ్లీ అత్తగారి గదిలోకే వెళ్లిపోయింది.

మీరు క్యాబినెట్ ఎక్కడ పెడతారో రాయలేదు. బల్ల మీద, చుట్టూ జానెడు ఖాళీతో పెట్టేటట్టయితే 145 వాట్ల పొట్టి ఆర్‌టీఎక్స్ 5060 ధైర్యంగా తీసుకోండి. అరలోనో, టీవీ కిందో, బీరువా సందులోనో అయితే 70 దాటొద్దు.