85 వేలు పెట్టి పారాలీగల్ సర్టిఫికెట్ చేయొచ్చా? చేసినదాన్నిగా నా జవాబు

మీరు అడిగింది ఇదీ: బీకాం అయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆడిటర్ దగ్గర నెలకు 18 వేలకు పనిచేస్తున్నారు. లాయర్ ఆఫీసుల పని వైపు రావాలని ఉంది. ఆరు నెలల పారాలీగల్ (లాయర్లకు సహాయకులుగా చేసే పని) కోర్సుకు 85 వేలు, పైన జీఎస్టీ. క్లాసులు పగలే కాబట్టి ఉద్యోగం మానాలి. నాన్నగారు చిట్టీ పాడి ఇస్తానంటున్నారు.

ఇప్పుడైతే కట్టకండి. 2018లో నేను అచ్చం ఇలాంటి కోర్సే చేశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

అమీర్‌పేటలో నేను చేరిన సంస్థ ఫీజు 48,000. 18 శాతం జీఎస్టీతో కలిపి 56,640. ఇంట్లో అందరం ఆ అంకె చుట్టూనే తిరిగాం. ఉప్పల్ నుంచి వెళ్లిరావడానికి మెట్రో ఖర్చు కూడా రాసుకున్నాం. కానీ ఆరు నెలలు వదులుకున్న 14 వేల జీతాన్ని ఎవరం లెక్కలో వేయలేదు. అదే 84,000. మీ లెక్క వేసి చూడండి: ఫీజు 85,000, జీఎస్టీ 15,300, పోయే జీతం 1,08,000. మొత్తం 2,08,300. చిట్టీ ముందే పాడితే పాటలో పోయే సొమ్ము వేరు. కోర్సు అయ్యాక మీ జీతం నెలకు 4 వేలు పెరిగిందనుకున్నా, ఈ డబ్బు తిరిగి రావడానికి నాలుగేళ్లు దాటుతుంది.

నాకైతే మొదట జీతం పెరగలేదు, తగ్గింది. ప్లేస్‌మెంట్ పేరుతో మాకు దక్కింది కొన్ని ఫోన్ నంబర్లు. చివరికి తెలిసినవాళ్ల ద్వారా పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక అడ్వకేట్ గారి దగ్గర 12 వేలకు చేరాను.

రెండో వారంలో సార్ ఒక డబ్బు వసూలు దావా ఇచ్చి ఫైల్ చేసి రమ్మన్నారు. 1872 కాంట్రాక్ట్ చట్టం పేపర్లో నాకు మంచి మార్కులే వచ్చాయి. వకాలత్ (కక్షిదారు లాయరుకు ఇచ్చే అధికార పత్రం) మీద అడ్వకేట్ల సంక్షేమ నిధికి వెళ్లే వెల్ఫేర్ స్టాంపు అంటించాలని మాత్రం ఆ ఆరు నెలల్లో ఒక్కరూ చెప్పలేదు. డాక్యుమెంట్ల జాబితాలో ఉన్న పేజీ నంబర్లకూ, జతచేసిన కాగితాలకూ పొంతన లేదు. ఫైలు రిటర్న్ అయింది. కౌంటర్ దగ్గర నిలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. మా గుమస్తాగారు ముప్పై ఏళ్లుగా ఆ మెట్లు ఎక్కి దిగుతున్న మనిషి. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, అభ్యంతరాలు ఒక్కొక్కటే నాతోనే చదివించి, నాతోనే సరిచేయించి, మళ్లీ వేయించారు. కాపీ అప్లికేషన్ పెట్టడం, వాయిదాలు డైరీలోకి ఎక్కించడం, ఫైలు ఎక్కడ ఆగిందో ఆరా తీయడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన నా దగ్గర రూపాయి తీసుకోలేదు. ఈ రోజుకీ దసరాకు వెళ్లి కనబడి వస్తాను.

రెండేళ్ల తర్వాత మాదాపూర్‌లో అమెరికా ఇమిగ్రేషన్ పని చేసే ఆఫీసుకు వెళ్లాను. హెచ్‌-1బీ (అమెరికా ఉద్యోగ వీసా) పిటిషన్లకు కాగితాలు సమకూర్చడం, ఆ పిటిషన్ ఫారం ఐ-129 నింపడం, కంపెనీ తరఫు లెటర్ రాయడం అక్కడి పని. అక్కడ ఏడాది మొత్తానికీ రెండు నెలలు ఒక ఎత్తు: మార్చిలో రిజిస్ట్రేషన్లు, ఏప్రిల్ 1 నుంచి పిటిషన్లు. ఏడాదికి 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000, వీటికోసం ఇక్కడ రాత్రుళ్లు కూర్చుంటాం. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ ఇస్తే పక్కన పెట్టారు. ఒకరి రెజ్యూమే, డిగ్రీ కాగితాలు చేతికిచ్చి, నలభై నిమిషాల్లో ఆయన ఉద్యోగం గురించి ఒక పేజీ ఇంగ్లీషులో రాయమన్నారు. అది రాయగలిగాను కాబట్టి 26 వేలకు తీసుకున్నారు. కోర్టులో పేజీ నంబర్ల దగ్గర తిన్న దెబ్బే అక్కడ నాకు పనికొచ్చింది. తేదీ తప్పున్న కాగితం నా కళ్లు దాటి వెళ్లేది కాదు.

మీకు ఇంకో విషయం స్పష్టంగా తెలియాలి. మన దేశంలో పారాలీగల్‌కు లైసెన్సు అంటూ లేదు. 1961 అడ్వకేట్స్ చట్టం ప్రకారం కోర్టులో వాదించాలంటే ఎల్‌ఎల్‌బీ చేసి, బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. ఆరు నెలల కాగితం ఆ దారిలో ఒక్క మెట్టు కూడా ఎక్కించదు. ‘అమెరికన్ బార్ గుర్తింపు’ అని ఎవరైనా చెబితే నిలదీయండి. అమెరికన్ బార్ అసోసియేషన్ ఆమోదించేది అక్కడి కాలేజీల కోర్సులను. మనుషులకు సర్టిఫికెట్ ఇవ్వదు. అలాగే వాళ్ల మెటీరియల్ ఒకసారి తెరిచి చూడండి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చింది, మోసం నేరం ఇప్పుడు 318వ సెక్షన్. ఇంకా పాత ఐపీసీ సెక్షన్ 420 అనే బోధిస్తుంటే ఆ పుస్తకాలు పాతవన్నమాట.

చదవాలనే కోరిక ఉంటే ఉద్యోగం మానకుండానే దారులున్నాయి. ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీలో పారాలీగల్ ప్రాక్టీస్ డిప్లొమా ఏడాది కోర్సు, ఇంటర్ అర్హతతో చేరొచ్చు, ఫీజు మీకు చెప్పినదానిలో చిన్న వంతే. ఉచితంగా నేర్చుకోవాలంటే పేదలకు ఉచిత న్యాయ సహాయం అందించే లీగల్ సర్వీసెస్ అథారిటీ పారాలీగల్ వాలంటీర్లను తీసుకుని శిక్షణ ఇస్తుంది. అది ఉద్యోగం కాదు, పనిచేసిన రోజుకు గౌరవ భృతి మాత్రమే. కానీ సామాన్యులకు కోర్టుతో ఏం కష్టాలుంటాయో దగ్గర నుంచి చూస్తారు. లాయర్ కావాలన్నదే మీ మనసులో ఉంటే మాత్రం లా కాలేజీ ప్రవేశ పరీక్ష లాసెట్ రాయండి. డిగ్రీలో జనరల్ వాళ్లకు 45 శాతం మార్కులుంటే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి అర్హత ఉంది. నేను ఆ నిర్ణయం అప్పుడే తీసుకోలేదని ఇప్పటికీ బాధపడతాను.

సర్టిఫికెట్లన్నీ దండగ అనను. మా ఆఫీసులో ఒకమ్మాయి కాంట్రాక్టులు చూసే పనిలో ఏడాది ఉండి, తనకు ఏం రావడం లేదో తెలుసుకుని, ఆదివారాల్లో డ్రాఫ్టింగ్ కోర్సు చేసింది. ఫీజు 12 వేలు. నేర్చుకున్నది సోమవారం పొద్దున్నే పనిలో పెట్టేది. ఆరు నెలల్లో ఆమె టీమ్ మారింది.

మీకు ఆడిటర్ ఆఫీసు అనుభవం ఉంది, అది చిన్న విషయం కాదు. మీ సార్ దగ్గరకు వచ్చే టాక్స్ అడ్వకేట్లు ఎవరో ఒకరు ఉంటారు. శనివారం సాయంత్రాలు వాళ్ల ఆఫీసులో ఫైళ్లు చూడనిమ్మని అడగండి, మూడు నెలలు చేయండి. ఆ తర్వాత కూడా కోర్సు కావాలనిపిస్తే, కిందటి ఏడాది అక్కడ చదివిన ముగ్గురి నంబర్లు ఇమ్మని ఆ సంస్థనే అడిగి, వాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో కనుక్కోండి. ఈ నెల చిట్టీ పాడొద్దని మాత్రం నాన్నగారికి ఇవాళే చెప్పండి.