పాత రిజిస్టర్లు చెప్పే నగర ఆరోగ్యం

ప్రశ్న: నేను ఒక ఆసుపత్రి రికార్డుల విభాగంలో పనిచేస్తున్నాను. ప్రతి రోగి వయసు, చిరునామా, జబ్బు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ నమోదు చేస్తాం. నెలాఖరున మొత్తాలు వేసి పైకి పంపుతాం. ఆ తర్వాత ఆ కాగితాల ముఖం ఎవరూ చూసినట్టు లేదు. నగర ప్రజల ఆరోగ్యం తెలుసుకోవాలంటూ మళ్లీ కొత్త సర్వేలు మొదలుపెడుతుంటారు. మా దగ్గరున్న సమాచారం దేనికీ పనికిరాదా?

జవాబు: పనికిరాకపోవడం మాట అటుంచండి, ప్రజారోగ్య శాస్త్రం కళ్లు తెరిచిందే ఇలా వేరే అవసరానికి రాసుకున్న చిట్టాల మధ్య. లండన్‌లో ప్లేగు జాడ కనిపెట్టడానికి వారం వారం అచ్చువేసే మరణాల జాబితాలను జాన్ గ్రాంట్ అనే వర్తకుడు దశాబ్దాల మేరకు పోగుచేసి, 1662లో ఒక పుస్తకం వెలువరించాడు. నగరంలో పుట్టేవారి కంటే చనిపోయేవారే ఎక్కువగా నమోదవుతున్నారనీ, అయినా జనాభా పెరుగుతున్నదంటే బయటి నుంచి వచ్చి చేరుతున్నవారే కారణమనీ ఆయన ఒక్క ఇంటి తలుపు తట్టకుండానే తేల్చాడు.

అదే నగరంలో 1854 ఆగస్టు చివర సోహో ప్రాంతం మీద కలరా విరుచుకుపడినప్పుడు డాక్టర్ జాన్ స్నో చేసిన పని, జనన మరణాల నమోదు కార్యాలయం నుంచి చనిపోయినవారి జాబితా తెచ్చుకొని ఆ చిరునామాల వెంట వీధుల్లోకి వెళ్లడం. దాదాపు అన్ని మరణాలూ బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపుకు దగ్గరలోనే కనిపించాయి. నా దృష్టిలో అంతకంటే విలువైనవి మరణాలు కనిపించని చోట్లు. చుట్టూ కలరా ఉన్న నిరుపేదల ఆశ్రమంలో 535 మంది ఉంటే చనిపోయినవారు 5గురే. అక్కడ సొంత బావి ఉంది. పంపుకు దగ్గరలోనే ఉన్న బీరు తయారీ కేంద్రంలో 70 మందికి పైగా పనివారిలో ఒక్కరూ కలరాతో పోలేదు, ఎందుకంటే వారు ఆ పంపు నీళ్లు ముట్టేవారు కారు. సెప్టెంబరు 8న పంపు పిడి ఊడదీశారు. అప్పటికే ఉధృతి తగ్గుముఖం పట్టిందని స్నో స్వయంగా ఒప్పుకున్నాడు. ఈ కథ చెప్పేవారు ఆ మాటను తరచుగా మింగేస్తుంటారు.

మీ ఉద్యోగానికి మరింత దగ్గరి ఉదాహరణ బ్రిటన్‌లోని కార్డిఫ్ నగరం. కొట్లాటల్లో గాయపడి అత్యవసర విభాగానికి వచ్చేవారిలో చాలామంది సంగతి పోలీసు రికార్డులకు ఎక్కడమే లేదని జొనాథన్ షెపర్డ్ అనే ముఖ, దవడ శస్త్రవైద్యుడు గమనించాడు. దానితో రిసెప్షన్‌లో పేరు రాసుకునే గుమస్తా మరి రెండు మూడు ప్రశ్నలు కలిపి అడగడం మొదలైంది: దెబ్బ ఎక్కడ తగిలింది, ఎప్పుడు, దేనితో కొట్టారు. ‘ఊరి మధ్యలో’ అంటే చాలదు, ఏ వీధిలో, ఏ బార్ ముందు అన్నది కావాలి. పేర్లు తీసివేసిన ఆ వివరాలను పోలీసులకూ స్థానిక పాలకులకూ అందించగా, గస్తీ ఎప్పుడు ఎక్కడ ఉండాలన్నది దానిని బట్టి మారింది. 2011లో వెలువడిన అధ్యయనం ప్రకారం, అలాంటి మరో 14 నగరాలతో పోలిస్తే, ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చిన హింస గాయాలు అక్కడ 42 శాతం తక్కువ.

ఇప్పుడు మీ రిజిస్టరు తెరిచి చూడండి. అందులో ఉన్న చిరునామా రోగి ఇంటిది, దెబ్బ తగిలిన చోటుది కాదు. తేదీ ఆసుపత్రికి వచ్చిన రోజుది, జబ్బు మొదలైన రోజుది కాదు. ఉన్న ఆ కాస్తా కూడా నెలాఖరు మొత్తాల్లో కలిసిపోతుంది. ‘ఈ నెల తలకు గాయాలు 60’ అన్న అంకె రోడ్లు చూసే ఇంజినీరుకు ఏమీ చెప్పదు. అందులో 20 మంది ఒకే వంతెన దిగువన చీకటి పడ్డాక పడ్డారనుకుందాం, ఆ సంగతి తెలిస్తే అతడు మర్నాడే వెళ్లి దీపం వెలుగుతున్నదో లేదో చూడగలడు. కాబట్టి పైవారిని మీరు అడగవలసింది కొత్త సర్వే కాదు, రిజిస్టరులో ఒక్క గడి: ‘జరిగిన చోటు’.

ప్రశ్న: ఆసుపత్రుల లెక్కల ప్రకారం మేముండే ప్రాంతంలో ఉబ్బసం కేసులు నగరంలో అన్నిచోట్లకంటే ఎక్కువ. అంటే మా దగ్గర గాలి చెడిపోయిందనుకోవాలా?

జవాబు: అనుకోవడానికి ముందు మూడు సంగతులు విచారించండి. మీ ప్రాంతంలో ఎంతమంది నివసిస్తున్నారు, వారిలో పిల్లలూ వృద్ధులూ ఎందరు అన్నది మొదటిది. జనాభాతో భాగించని కేసుల సంఖ్య ఆ ప్రాంతం పెద్దదని చెబుతుందే తప్ప జబ్బుపడిందని చెప్పదు. రెండవది, పెద్ద ఆసుపత్రి మీకు నడిచి వెళ్లేంత దూరంలో ఉంటే మీవారు చిన్న ఆయాసానికీ వెళతారు, దూరాన ఉన్నవారు ఓర్చుకుంటారు. ఓర్చుకున్నవారు ఏ లెక్కలోకీ రారు. ఆసుపత్రి సమాచారానికి పుట్టుకతో ఉన్న లోపం ఇదే: గడప దాటి లోపలికి వచ్చినవారు మాత్రమే దానికి తెలుసు. తరచుగా అందరికంటే ఎక్కువ అవసరమున్నవారే ఆ గడప అవతల ఉండిపోతారు. మూడవది, పగలంతా మరో చోట పనిచేసి రాత్రికి ఇల్లు చేరే మనిషి ఏ గాలి పీల్చినట్టు?

వీటన్నిటినీ సరిచూడడం కష్టమనిపిస్తే, మీ ప్రాంతాన్ని పక్క ప్రాంతంతో కాక, దానితోనే పోల్చండి. గత ఐదేళ్లలో ఇదే నెలలో ఎన్ని కేసులు వచ్చాయి, ఇప్పుడెన్ని? ఆసుపత్రి దూరం, జనం తీరు పెద్దగా మారి ఉండవు కనుక తేడా కనిపిస్తే దానిని కొంచెం నమ్మవచ్చు.

ప్రశ్న: మరణాల నమోదు జరిగేది అంతా అయిపోయాక కదా. ఆ లెక్క బతికున్నవారికి ఏ రకంగా ఉపయోగం?

జవాబు: 2010 మే నెలలో అహ్మదాబాద్‌లో తీవ్రమైన వడగాడ్పులు వీచాయి. మరణ ధ్రువపత్రంలో ‘ఎండదెబ్బ’ అని రాసినవి తీసుకుంటే ఎక్కడైనా లెక్క చాలా తక్కువగా తేలుతుంది, ఎందుకంటే ఎండ చాలామందిని గుండె జబ్బు పేరుతోనో మూత్రపిండాల పేరుతోనో తీసుకుపోతుంది. అందువల్ల పరిశోధకులు కారణాల జోలికి పోకుండా, ఆ నెలలో నమోదైన మొత్తం మరణాలను ముందు వెనుక సంవత్సరాల మే నెలలతో పోల్చారు. మామూలుగా 3,118 ఉండవలసిన చోట 4,462 ఉన్నాయి. ఆ 1,344 అదనపు మరణాలను చూశాకనే ఎండ అనేది వరదలాగే ముందుగా హెచ్చరించవలసిన ఆపద అన్న మాటకు బలం వచ్చింది. 2013లో ఆ నగరం వేడిమి కార్యాచరణ ప్రణాళికను అమలులోకి తెచ్చింది.

ఇక్కడ వైద్యులకూ ఒక మనవి. మరణ కారణం దగ్గర ‘గుండె, శ్వాస ఆగిపోవడం’ అని రాయడం ఏమీ రాయకపోవడంతో సమానం. అవి రెండూ ఆగకుండా చనిపోయినవారు లోకంలో లేరు.

ప్రశ్న: పేర్లు తొలగించాం కనుక రోగుల గోప్యతకు భయం లేదంటారు. నమ్మవచ్చా?

జవాబు: ఆ ఒక్క మాట మీద నమ్మకూడదు. 1990లలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగుల చికిత్స వివరాలను పేర్లు తీసివేసి, పుట్టిన తేదీ, లింగం, పిన్‌కోడ్ మాత్రం ఉంచి పరిశోధకులకు ఇచ్చారు. అప్పట్లో విద్యార్థినిగా ఉన్న లటన్యా స్వీనీ 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జ్ నగర ఓటర్ల జాబితా కొన్నది. ఆ చికిత్స వివరాల్లో రాష్ట్ర గవర్నర్‌వి కూడా ఉన్నాయి. ఆయన పుట్టిన తేదీ ఓటర్ల జాబితాలో ఆరుగురికి ఉంది. వారిలో ముగ్గురు పురుషులు. గవర్నర్ ఇంటి పిన్‌కోడ్ ఉన్నది ఒక్కరికే. అంతే, ఆయన వైద్య రికార్డు బయటపడింది.

అందువల్ల పుట్టిన తేదీ బదులు వయో వర్గం, ఇంటి నంబరు బదులు వార్డు ఇవ్వడం, ఒక గడిలో ఐదుగురి కంటే తక్కువ ఉంటే ఆ అంకెను దాచడం వంటి పద్ధతులు పాటిస్తారు. మొదటి జవాబులో ‘చోటు కావాలి’ అన్నాను, ఇప్పుడు ‘చోటు చెరపండి’ అంటున్నాను. ఈ పేచీ నిజమైనదే. చూడవలసిన నలుగురికి వివరంగా, ఊరందరికీ స్థూలంగా ఇవ్వడమే ఇంతవరకు దొరికిన దారి. చూసిన నలుగురూ ఎవరో రాసి ఉంచడం కూడా అందులో భాగం.

ప్రశ్న: జనం ఫోన్లలో ఏం వెతుకుతున్నారో చూస్తే జబ్బులు ముందే తెలుస్తాయట. ఇక రిజిస్టర్లెందుకు?

జవాబు: గూగుల్ సంస్థ 2008లో సరిగ్గా ఆ ఆశతోనే జనం వెతికే పదాలను బట్టి ఫ్లూ తీవ్రతను అంచనా వేసే సేవను మొదలుపెట్టింది. 2012-13 చలికాలంలో అది ఫ్లూ లక్షణాలతో వైద్యుల దగ్గరికి వెళ్లేవారి వాటాను అసలు దానికి రెండింతలకు పైగా చూపించింది. 2015లో ఆ సేవ ఆగిపోయింది. దానిని పరీక్షించిన పరిశోధకులు 2014లో రాసినదేమిటంటే, వైద్యుల నుంచి వచ్చిన మూడు వారాల కిందటి లెక్కలను ముందుకు పొడిగించి చూసినా దానికంటే మెరుగైన అంచనా వచ్చేదట.