సంతాల్ పండగ వంటలు ఎలా ఉంటాయి? జిల్ పీఠా మన ఇంట్లో కుదురుతుందా?

సంతాల్ ఆదివాసీల పండగల్లో ఏం వండుతారు, జిల్ పీఠా (బియ్యప్పిండిలో మాంసం కలిపి ఆకుల మధ్య కాల్చే రొట్టె) ఇంట్లో చేసుకోవచ్చా, సాల ఆకు దొరక్కపోతే ఎలా అని అడిగారు. ఉద్యోగం కోసం కొన్నేళ్లు జార్ఖండ్‌లోని దుమ్కాలో ఉన్నాను. మా ఆఫీసులో ఒక సంతాల్ మిత్రుడు సొహ్రాయ్ అనే పంటల పండక్కి వాళ్ల ఊరు తీసుకెళ్లేవాడు. అక్కడ చూసిందీ, తిన్నదీ, తర్వాత మా వంటింట్లో చేసుకున్నదీ చెప్తాను.

ఆదివాసీల వంట అనగానే వీడియోల్లో ఎర్రచీమల చట్నీయే చూపిస్తారు. అది బాగుంటుంది, కాదనను. ఒడిశాలో ఆ చీమలతోనే చేసే సిమిలిపాల్ కాయ్ చట్నీకి 2024లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. కానీ సొహ్రాయ్‌లో పెద్దపీట కొత్త బియ్యానిదే. దుమ్కా వైపు ఈ పండగ జనవరిలో, మన సంక్రాంతికి కాస్త ముందు వస్తుంది. ఒడిశాలోని మయూర్‌భంజ్, జార్ఖండ్‌లోనే ఉన్న సింగ్‌భూమ్ వైపు సంతాలులు దీపావళి రోజుల్లోనే చేసుకుంటారు.

మొదటిరోజు ఊరి బయట పొలంలో నాయకే, అంటే వాళ్ల పూజారి, కోళ్లను బలిస్తాడు. ఆ మాంసం, ఇంటింటి నుంచి తెచ్చిన బియ్యం కలిపి అక్కడే పెద్ద కుండలో కిచిడీలా వండుతారు. వండేదీ తినేదీ మగవాళ్లే. ఉప్పు, పసుపు, కాస్త కారం, అంతే. మసాలా లేదే అనుకుంటూ మొదలుపెట్టాను, రెండోసారి నేనే అడిగి పెట్టించుకున్నాను.

తర్వాత సందడంతా ఇళ్లలోకి మారుతుంది. ఆడవాళ్లు ఢెంకీ (కాలితో తొక్కే దంపుడు కర్ర) తొక్కుతూ తడిబియ్యం దంచుతుంటే ఆ చప్పుడు వీధి చివరికి వినిపిస్తుంది. బెల్లం కలిపి నూనెలో వేయించే ఆర్సా పీఠా అచ్చం మన అరిసెలాగే ఉంటుంది, నువ్వులుండవు. ఎద్దులను గుంజలకు కట్టే రోజున వాటి మెడలో వరికంకుల దండలతో పాటు పీఠాలూ కడతారు. డప్పులు మోగుతుంటే కుర్రాళ్లు ఎగబడి వాటిని లాక్కుంటారు. బియ్యంతోనే పులియబెట్టే హండి అనే మత్తుపానీయం ఉండనే ఉంటుంది. అన్నం వండి చల్లార్చి, అడవి వేళ్లతో చేసిన రాను బిళ్లల పొడి కలిపి కొన్ని రోజులు కుండలో ఉంచుతారు. తాగేముందు నాలుగు చుక్కలు పెద్దల పేరున నేల మీద వదులుతారు. మాంసం, హండి ముట్టని సాఫా హోడ్ వర్గం వాళ్లూ ఉన్నారు కాబట్టి సంతాలులందరూ ఇలాగే అనుకోకండి.

ఇక జిల్ పీఠా. మిత్రుడి వాళ్లమ్మను నేనూ వాళ్లలాగే 'ఆయో' అని పిలిచేవాణ్ణి. ఆమె కొలతలు పెట్టుకునేది కాదు, పిండిని పిడికిట్లో నొక్కి చూసేది. ముద్ద కట్టి, వేలు తగిలితే విడిపోవాలి. ఇంట్లో నేను వాడే లెక్క కిలో బియ్యానికి అరకిలో చికెన్. బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్లు వార్చి, కాస్త తడి ఉండగానే పిండి పట్టించాలి. కొట్లో దొరికే పొడి బియ్యప్పిండితో చేస్తే అట్ట ముక్కలా తయారవుతుంది. ఎముకల్లేని చికెన్ చిన్న ముక్కలుగా కోసి, ఉల్లిపాయ, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు వేసి ఆవనూనెలో ముప్పావు వంతు ఉడికించాలి. ఆ రసంతో సహా పిండిలో కలిపి, చాలకపోతేనే నీళ్లు చిలకరించాలి. గరంమసాలా వేయకండి, ఆకు వాసన పోతుంది.

అక్కడ సాల ఆకులను సన్నటి పుల్లలతో విస్తరిలా కుడతారు. దాని మీద పిండిని అర అంగుళం మందాన పరిచి, పైన ఇంకో విస్తరి మూసి, పెనం మీద పెడతారు. పైన మూతపెట్టి నిప్పులు పోస్తారు. గ్యాస్ మీదైతే మందపాటి పెనం, సన్నసెగ, పైన బరువైన మూత చాలు. అడుగు ఆకు నల్లబడి, అంచుల్లోంచి ఆవనూనె వాసన వచ్చేదాకా ఆగి, పళ్లెం బోర్లించి తిప్పాలి. ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైనే పడుతుంది. తొందరపడి మంట పెంచితే ఆకు మాడుతుంది, మధ్యలో పచ్చిగానే ఉంటుంది.

సాల ఆకు లేకపోతే మన్యం వైపు దొరికే అడ్డాకు దగ్గరగా కుదురుతుంది. తెలంగాణలో మోదుగాకు విస్తళ్లు సులువుగా దొరుకుతాయి, తడిపి వాడండి. అయితే ప్లాస్టిక్ పొర అంటించిన విస్తళ్లు వస్తున్నాయి, చూసి కొనండి. అరిటాకుతోనూ చేశాను. పీఠా బాగానే వస్తుంది, కానీ వాసన వేరు. ఫాయిల్ వాడితే మాత్రం అది చికెన్ రొట్టే, ఇంకేం కాదు.

కాల్చిన టమాటా, పచ్చిమిర్చి నూరిన పచ్చడితో వేడివేడిగా తినండి. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున ముక్కలు కోసి పెనం మీద చుక్క ఆవనూనెతో కాల్చుకోండి. నాకైతే మొదటిరోజు కంటే అదే ఎక్కువ ఇష్టం.