మెరుపు కాదమ్మా, స్పాంజి ముక్క

హన్మకొండ

చిరంజీవి రమ్యకు,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. ఆ కోపం న్యాయమైనదేనా అని చూసుకోవడానికి రెండోసారి చదివాను. న్యాయమైనదే.

ఎనిమిది పేజీల్లో 'మెరుపు' అన్న మాట పదకొండుసార్లు వచ్చింది. కథానాయకుడు తలకు కరెంటు పెట్టించుకుంటాడు, మెదడులో మెరుపు మెరుస్తుంది, తెల్లారేసరికి నవల పూర్తవుతుంది! నేను 31 సంవత్సరాలు కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషిని, ఇది చూసి ఊరుకోలేను. మెదడు పనితీరు మారుతుందేమో చూడ్డానికి తలకు బయటినుంచి సన్నని కరెంటు ఇచ్చే ప్రయోగాలు నిజంగానే ఉన్నాయి. వాటిలో ఇచ్చేది సాధారణంగా 1 నుంచి 2 మిల్లీ ఆంపియర్లు. ఇళ్లలో షాకు కొట్టకుండా పెట్టుకునే ఇఎల్‌సీబీ అనే స్విచ్చు పడి కరెంటు ఆగడానికే 30 కావాలి. ఇచ్చిన ఆ కాస్తలోనూ చాలా భాగం చర్మం, పుర్రె దగ్గరే పక్కదారి పడుతుంది. లోపలికి చేరింది స్విచ్చు వేయదు, ఫ్యాను రెగ్యులేటరును ఒక గీత అటూ ఇటూ తిప్పినట్టు నాడీకణాలను కాస్త చురుగ్గానో మందంగానో ఉంచుతుంది.

మరి మెరుపు ఎక్కడుంది? అక్కడ ఉన్నవి ఉప్పునీళ్లలో ముంచిన రెండు స్పాంజి ముక్కలు, బిగుతైన రబ్బరు పట్టీ, చీమలు పాకినట్టు దురద, చెవి పక్కనుంచి మెడ మీదికి జారే చుక్క. కథ ముందు ఒంటికి తగలాలి. ఈ మాట చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

1988లో ఒక వారపత్రికకు కథ పంపాను. అందులో మా నాయనమ్మ సర్వపిండిని గిన్నెకు అంటుకున్న చోట గోటితో గీకి తింటుంది. అచ్చులో చూస్తే ఆ పేరు మార్చేశారు, ఆమె తపాలచెక్క తింటోంది! సంపాదకుడిని అడిగితే 'అందరికీ అర్థం కావాలి కదండీ' అన్నాడు. ఆ అందరిలో మా వరంగల్ వాళ్లు ఎందుకు లేరో ఆయన చెప్పలేదు. ఆ తర్వాత రెండేళ్లు కథ రాయలేదు. ఇప్పుడు ఇంకో ఫ్యాషన్ వచ్చింది, సైన్సు కథ అంటే ప్రయోగశాల అమెరికాలోనే ఉండాలట. నువ్వు హన్మకొండలో పెట్టావు, సంతోషం.

అసలు బాధ వేరే ఉంది. నీ చేతిలోకి వచ్చిన మనిషిని నువ్వే వదిలేశావు. 2012లో సిడ్నీలో చీ, స్నైడర్ అనే ఇద్దరు పరిశోధకులు తలకు ఇలాంటి కరెంటు పెట్టి తొమ్మిది చుక్కల లెక్క ఇచ్చి చూశారు: కలం ఎత్తకుండా నాలుగు సరళరేఖలతో తొమ్మిది చుక్కలూ కలపాలి. కరెంటు అందినవారిలో నూటికి 40 మందికి పైగా కలిపారు. ఉత్తుత్తి కరెంటు ఇచ్చినవారిలో ఒక్కరూ కలపలేదు. తర్వాత ఈ రంగంలో ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదనుకో. పైగా చుక్కల లెక్కకు జవాబు ముందే ఉంటుంది, కథకు ఉండదు.

నన్ను పట్టుకున్నది ఆ ఉత్తుత్తి కరెంటు. ఇలాంటి ప్రయోగాల్లో మొదట కొన్ని సెకన్లు నిజంగానే ఇస్తారు, దురద పుట్టగానే తగ్గించి ఆపేస్తారు. అలా ఉత్తుత్తి కరెంటు అందినవాడికి ఆ సంగతి తెలియదు. తడి స్పాంజి కట్టుకుని, లోపల ఏదో జరుగుతోందని నమ్ముతూ కూర్చుంటాడు. ఇంటికి వెళ్లి కాగితాలు ముందేసుకుంటాడు. నీ కథలో ఇలాంటి మనిషికి ఒక్క వాక్యమే ఇచ్చావు! మూడో పేజీలో వాళ్ల అమ్మ అతని కణత మీది ఉప్పుచార చూసి 'ఎండలో తిరిగొచ్చావా' అని కొంగుతో తుడుస్తుంది. అక్కడ నేను చదవడం ఆపి కాసేపు బయట అరుగు మీద కూర్చున్నాను. నువ్వు మాత్రం మరుసటి వాక్యంలోనే మళ్లీ మెరుపు దగ్గరికి పరుగెత్తావు.

అలాంటి పరికరం ఆన్‌లైన్లో కొనుక్కోనా అని అడిగావు. వద్దు. సరిగా తడపని స్పాంజి కింద చర్మం కాలుతుంది. కరెంటు ఎక్కడ పెట్టాలో, ఎంతసేపో తేల్చడానికి ప్రయోగశాలల్లో వాళ్లే ఇంకా తంటాలు పడుతున్నారు. మిగతా ప్రశ్నలు తర్వాత చూద్దాం.

ఈ ఆదివారం ఒక పని చెయ్యి. గిన్నెలు తోమే కొత్త స్పాంజి ఒకటి రెండు ముక్కలు చేసి ఉప్పునీళ్లలో ముంచు. కణతలకు గుడ్డతో కట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చో. తీగ, బ్యాటరీ ఏమీ వద్దు. ఎందుకని మీ అమ్మ అడిగితే ఆమె ఏమన్నదో, ఎలా అన్నదో రాసిపెట్టుకో. తర్వాత మూడో పేజీ ఒక్కటే మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు చెప్పిన ఆ హన్మకొండ ముసలాయన